బల్గేరియా సినిమాలు, నటులను బయటివాళ్లకు సిఫారసు చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మంచి బల్గేరియా సినిమా ఒకటి చెప్పమంటే చాలామంది నోట వెంటనే వచ్చే పేరు ‘వ్రేమె రజ్దెల్నో’. 1988లో లుద్మిల్ స్తాయ్‌కోవ్ తీశాడు. 2015లో బల్గేరియా జాతీయ టెలివిజన్ ప్రేక్షకులు ఓట్లు వేసి తమకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమాగా దీన్నే ఎన్నుకున్నారు. కానీ రెండు భాగాలూ కలిపితే నిడివి నాలుగున్నర గంటలు దాటుతుంది. కథ 17వ శతాబ్దంలో, ఒట్టోమన్ పాలనలో ఉన్న రోడోపీ కొండల్లో జరుగుతుంది. ఇవేవీ తెలియని మనిషిని దాని ముందు కూర్చోబెడితే గంట తిరక్కుండానే లేస్తాడు. ఆ తర్వాత ఎంత మంచి సినిమా పేరు చెప్పినా, బల్గేరియాది అనగానే ‘ఇంకోసారి చూద్దాంలే’ అంటాడు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది. అక్కడివాళ్లకు ప్రాణమైన సినిమాతో కాకుండా, ఆ దేశం గురించి ఏమీ తెలియకపోయినా అర్థమయ్యే సినిమాతో మొదలుపెట్టండి. రెండోది చూపించే అవకాశం మొదటిది నచ్చితేనే వస్తుంది.

1. ఏది బల్గేరియా సినిమా? ముందు మీరు తేల్చుకోండి

సోఫియా శివార్లలో బోయానా స్టూడియోలు ఉన్నాయి. హాలీవుడ్ యాక్షన్ సినిమాలు అక్కడ చాలానే తీశారు. మన హిందీ సినిమాల షూటింగులూ బల్గేరియాలో జరిగాయి. అక్కడ తీసినంత మాత్రాన అవి బల్గేరియా సినిమాలు కావు.

నటుల విషయంలోనూ ఇదే గందరగోళం. నినా డోబ్రెవ్ 1989లో సోఫియాలో పుట్టింది కానీ పెరిగిందీ, పేరు తెచ్చుకున్నదీ కెనడా, అమెరికాల్లో. ఆమె పేరు చెప్పి బల్గేరియా సినిమాకు దారి చూపించలేం. మరియా బకలోవా సంగతి వేరు. బుర్గాస్‌లో పుట్టి, సోఫియాలో నటన చదువుకుని, 2021లో ఆస్కార్ ఉత్తమ సహాయ నటి నామినేషన్ అందుకున్నాక కూడా బల్గేరియా సినిమాల్లో నటిస్తూనే ఉంది. ఆమె పేరు పనికొస్తుంది.

మన దేశానికి దగ్గరగా ఒక సంగతి ఉంది. 2024 కాన్ ఉత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో అనసూయ సేన్‌గుప్తాకు ఉత్తమ నటి బహుమతి తెచ్చిన ‘ద షేమ్‌లెస్’ హిందీ సినిమానే. దర్శకుడు కాన్‌స్టాంటిన్ బొజనోవ్ మాత్రం బల్గేరియన్. మాట కలపడానికి ఇది బాగుంటుంది. అక్కడి నుంచి అతను 2011లో బల్గేరియాలో తీసిన ‘అవే’కి తీసుకెళ్లొచ్చు.

పేరు చెప్పేముందు ఈ మూడూ చూసుకోండి:

- మాటలు ప్రధానంగా బల్గేరియన్ భాషలో ఉన్నాయా?
- కథ అక్కడి మనుషులదేనా?
- ఉమ్మడి నిర్మాణమైతే ఏయే దేశాలు కలిశాయో మీకు తెలుసా? ఉదాహరణకు, 1959లో కాన్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందిన ‘స్టార్స్’ తూర్పు జర్మనీ, బల్గేరియా కలిసి తీసినది. దర్శకుడు కోన్రాడ్ వోల్ఫ్ జర్మన్, రచయిత అంజెల్ వాగెన్‌స్టైన్ బల్గేరియన్. ఆ మాట దాచకుండా చెప్పండి.

2. సినిమా పేరు చెప్పేముందు నాలుగు ప్రశ్నలు అడగండి

- ఎంతసేపు కూర్చోగలరు? గంటన్నరా, రెండు గంటలా?
- సబ్‌టైటిళ్లు చదువుతూ చూసే అలవాటుందా?
- ఒంటరిగా చూస్తారా, ఇంట్లో అందరితో కలిసా?
- ఈ మధ్య బాగా నచ్చిన సినిమా ఏది? అందులో ఏం నచ్చింది?

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అదీ రెండో సగం. ‘దృశ్యం నచ్చింది’ అన్నంత మాత్రాన సరిపోదు. మామూలు మనిషి చట్టంతో తలపడటం నచ్చిందా, మలుపులు నచ్చాయా అన్నది తేలాలి. దాన్ని బట్టి మీరు చెప్పే సినిమా మారుతుంది.

3. మొదటి సినిమా ఎంచుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. సగం పని ఇక్కడే ఉంది.

*ఉత్కంఠ కావాలనే వాళ్లకు: ‘బ్లాగాస్ లెసన్స్’, 2023.* స్తెఫాన్ కొమందారెవ్ దర్శకుడు. షుమెన్ పట్టణంలో డెబ్బై ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ బ్లాగా. ఈమధ్యే భర్త పోయాడు, సమాధి స్థలం కోసం డబ్బు కూడబెట్టుకుంది. పోలీసులమని చెప్పుకుని ఫోన్ చేసిన ముఠా ఆ డబ్బు కాజేస్తుంది. డిజిటల్ అరెస్ట్, ఓటీపీ మోసాల వార్తలు రోజూ చదివే తెలుగువాళ్లకు దీనికి ముందుమాటే అక్కర్లేదు. చెక్ దేశంలోని కార్లొవీ వారీ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి క్రిస్టల్ గ్లోబ్‌తో పాటు ఎలీ స్కోర్చెవాకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. అదే ఏడాది గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చిత్రోత్సవం ఇఫీలో కొమందారెవ్ ఉత్తమ దర్శకుడయ్యాడు. మొదటి సినిమాగా ఎవరికైనా నిస్సంకోచంగా చెప్పదగినది ఇదే.

*ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిన వాళ్లకు: ‘గ్లోరీ’, 2016.* క్రిస్టీనా గ్రోజెవా, పెతర్ వల్చనోవ్ కలిసి తీశారు. రైలు పట్టాలు చూసుకునే కార్మికుడు త్సాంకోకు పట్టాల మీద డబ్బు కట్టలు దొరుకుతాయి. పోలీసులకు అప్పగిస్తాడు. రవాణా శాఖ అతన్ని వేదిక ఎక్కించి సన్మానిస్తుంది. మంత్రి చేతుల మీదుగా కొత్త వాచీ పెట్టించాలి కాబట్టి, అంతకుముందే శాఖ ప్రచార అధికారిణి అతని మణికట్టుకున్న పాత వాచీ తీయించి తన దగ్గర ఉంచుకుంటుంది. అది అతని తండ్రి ఇచ్చిన వాచీ. కొత్తది పనిచేయదు, పాతది తిరిగి రాదు. నత్తి వల్ల మాట పెగలని ఆ మనిషి తన వాచీ కోసం తిరగడమే మిగతా కథ. బల్గేరియన్ పేరు ‘స్లావా’ అంటే కీర్తి. ఆ పాత వాచీ కంపెనీ పేరు కూడా స్లావానే. ఇంగ్లిష్ పేరులో ఈ రెండో అర్థం పోయింది. సినిమాకు ముందే ఈ ఒక్క మాట చెప్పి ఉంచండి. చూసేవాళ్ల కళ్లు ఆ వాచీని వదలవు.

*ఇంట్లో అందరూ కలిసి చూడాలంటే: ‘ద వరల్డ్ ఈజ్ బిగ్ అండ్ సాల్వేషన్ లర్క్స్ అరౌండ్ ద కార్నర్’, 2008.* ఇదీ కొమందారెవ్‌దే. ప్రమాదంలో జ్ఞాపకశక్తి పోగొట్టుకున్న మనవణ్ని తాత జర్మనీ నుంచి బల్గేరియాకు జంట సైకిల్ మీద తీసుకొస్తాడు. దారిలో పాచికల ఆట నేర్పుతాడు. విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ తొమ్మిది సినిమాల వడపోత జాబితా దాకా వెళ్లింది. తాతగా వేసిన మికి మనోయ్‌లోవిచ్ సెర్బియా నటుడు. ఆయన్ను బల్గేరియా నటుడని చెప్పి తర్వాత నాలుక కరుచుకోకండి.

*నలుపు తెలుపు క్రైమ్ సినిమాల అభిమానులకు: ‘జిఫ్ట్’, 2008.* యావోర్ గర్దెవ్ దర్శకుడు. జైలు నుంచి విడుదలైన మనిషి కమ్యూనిస్టు కాలపు సోఫియాలో ఒక రాత్రంతా పరుగెత్తే కథ. హీరో జహారీ బహారోవ్. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూసినవాళ్లకు ‘హార్డ్‌హోమ్’ భాగంలో లోబొడాగా కనిపించింది ఇతనే అని చెప్తే సగం పని అయిపోయినట్టే. పెద్దలకు మాత్రమే.

*పాత క్లాసిక్ కావాలంటే: ‘ద గోట్ హార్న్’, 1972.* మెతోది అందోనోవ్ దర్శకుడు. మాటలు చాలా తక్కువ, కాబట్టి సబ్‌టైటిళ్ల బెంగ ఉండదు. భార్యను చెరిచి చంపినవాళ్ల మీద పగతో తండ్రి కూతుర్ని మగపిల్లాడిలా పెంచుతాడు. తల్లి, కూతురు రెండు పాత్రలూ కాత్యా పస్కాలెవావే. ఆరంభంలోనే అత్యాచారం ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పాలి.

*వ్యంగ్యం ఇష్టమైతే: ‘ద హేర్ సెన్సస్’, 1973.* ఎడువర్డ్ జహారియెవ్ దర్శకుడు. పట్నం నుంచి ఒక గణాంక అధికారి వచ్చి ఊళ్లో అడవి కుందేళ్లను లెక్కపెట్టాలంటాడు. ఊరి మగవాళ్లంతా పనులు మానుకుని అతనితో పొలాల వెంట నడుస్తారు. నిడివి తక్కువ. కాగితాల లెక్కల కోసం సర్వేలకు తిరిగిన ఉద్యోగులకు, టీచర్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది.

మొదటి సినిమాగా వద్దనేవి రెండు రకాలు. ఒకటి, మాటల మీద నడిచే హాస్యం. 1982 నాటి ‘ఆర్కెస్ట్రా వితౌట్ ఎ నేమ్’ డైలాగులు బల్గేరియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ పలుకుబడి సబ్‌టైటిల్లోకి రాదు. జంధ్యాల సినిమాను ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూసేవాడి పరిస్థితి ఊహించుకోండి. రెండు, మరీ చీకటి సినిమాలు. రాలిత్సా పెత్రోవా ‘గాడ్‌లెస్’ 2016లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లెపర్డ్ గెలిచింది. గొప్ప సినిమా, కానీ ముసలివాళ్ల గుర్తింపు కార్డులు దొంగిలించి అమ్ముకునే నర్సు కథ. నాలుగోదిగానో ఐదోదిగానో పెట్టండి.

4. రెండో సినిమాకు నటుల చేయి పట్టుకుని వెళ్లండి

కొత్త ప్రేక్షకుడికి దర్శకుల పేర్లు గుర్తుండవు, ముఖాలు గుర్తుంటాయి. అందుకే రెండో సినిమాను నటుడి వెంట ఎంచుకోండి. ఒకసారికి ఒకే నటుడు, మూడు సినిమాలు, వరుస తప్పకుండా.

*మార్గీతా గోషెవా:* ‘ద లెసన్’ 2014, ‘గ్లోరీ’ 2016, ‘ట్రయంఫ్’ 2024. మొదటిదానిలో ఇల్లు బ్యాంకు వేలంలో పోకుండా ఆపాలని తిరిగే స్కూల్ టీచరు. రెండోదానిలో త్సాంకో వాచీ తీయించే ప్రచార అధికారిణి. ఒకదాంట్లో వ్యవస్థ కింద నలిగిన మనిషి, ఇంకోదాంట్లో ఆ వ్యవస్థ గొంతు. వెంట వెంటనే చూస్తే ఆమె ఎంత నటో చూసేవాళ్లకే తెలుస్తుంది. ఈ మూడూ పత్రికా వార్తల ఆధారంగా తీసిన త్రయం. మూడోదానిలో బకలోవా కూడా ఉంది కాబట్టి అక్కడి నుంచి ఆమె దారి పట్టొచ్చు.

*నెవెనా కొకానోవా, 1938–2000:* బల్గేరియన్లు ‘మా సినిమాకు ప్రథమ మహిళ’ అని పిలుచుకునే నటి. ముందు వలో రదెవ్ తీసిన ‘ద పీచ్ థీఫ్’ 1964, తర్వాత ‘డీటూర్’ 1967, చివరికి ‘టొబాకో’ 1962. విడుదలైన వరుసలో చూపించొద్దు. ‘టొబాకో’ పెద్ద నవల ఆధారంగా తీసిన సుదీర్ఘ చిత్రం, మొదట్లోనే పెడితే బరువైపోతుంది. ‘ద పీచ్ థీఫ్’ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెలికో తర్నొవోలో ఒక కర్నల్ భార్యకు, సెర్బియా ఖైదీకి మధ్య ప్రేమకథ. గంటన్నరలో అయిపోతుంది.

*తోదోర్ కోలెవ్, 1939–2013:* ‘ద డబుల్’ 1980తో మొదలుపెట్టండి. ఒక శాస్త్రవేత్త అచ్చం తనలా ఉండే బంధువును తన బదులు సమావేశాలకు పంపుతాడు. డబుల్ యాక్షన్ మనవాళ్లకు కొట్టినపిండి, అందుకే బల్గేరియా హాస్యాల్లో ఇది తేలిగ్గా అందుతుంది. ఆ తర్వాత ‘కింగ్ ఫర్ ఎ డే’ 1983, ‘డేంజరస్ చార్మ్’ 1984.

*ఇవాన్ బర్నెవ్:* చెక్ సినిమాలు చూసేవాళ్లకు ‘ఐ సర్వ్డ్ ద కింగ్ ఆఫ్ ఇంగ్లండ్’ హీరోగా ఈ ముఖం ముందే తెలిసి ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా 2019 నాటి ‘ద ఫాదర్’కి తీసుకెళ్లండి. దానికీ క్రిస్టల్ గ్లోబ్ వచ్చింది.

ఎలీ స్కోర్చెవా గురించి ఒక మాట. 1980ల్లో పేరున్న నటి, సినిమాలు మానేసి దాదాపు మూడు దశాబ్దాల తర్వాత బ్లాగాగా తిరిగొచ్చింది. ఈ సంగతి సినిమా అయ్యాక చెప్పండి. ముందు చెప్తే చూసేవాళ్లు బ్లాగాను వదిలేసి నటిని చూస్తూ కూర్చుంటారు.

5. పేర్ల దగ్గర పొరపాటు జరగకుండా చూడండి

సిఫారసు అందుకున్న మనిషి వేరే సినిమా చూసేసి ‘బాగానే ఉంది కానీ ఇంగ్లిష్‌లో ఉందే!’ అనడం తరచూ జరుగుతుంది. కారణం, ఇంగ్లిష్ పేర్లన్నీ మామూలు మాటలు కావడం.

- ‘ద ఫాదర్’ అని వెతికితే ముందు వచ్చేది 2020 నాటి ఆంథొనీ హాప్కిన్స్ సినిమా.
- ‘గ్లోరీ’ అంటే 1989 నాటి అమెరికా అంతర్యుద్ధం సినిమా.
- ‘గాడ్‌లెస్’ అంటే 2017 నాటి అమెరికన్ సిరీస్.
- ‘ద లెసన్’ పేరుతో 2023లో బ్రిటిష్ సినిమా వచ్చింది.
- ‘ద గోట్ హార్న్’ను 1994లో నికొలాయ్ వోలెవ్ మళ్లీ తీశాడు. మీరు చెప్పేది 1972 నాటిది.

అందుకే ఎప్పుడూ నాలుగూ కలిపి ఇవ్వండి: బల్గేరియన్ పేరు, ఇంగ్లిష్ పేరు, ఏడాది, దర్శకుడు. ‘ద ఫాదర్’ బల్గేరియన్ పేరు ‘బష్తాతా’, ‘ద లెసన్’ది ‘ఉరోక్’, ‘ద గోట్ హార్న్’ది ‘కోజియాత్ రోగ్’. బల్గేరియన్ రాసే కిరిలిక్ లిపిలో ఉన్న పేరును కాపీ చేసి సందేశంలో పెడితే వెతికేవాళ్లకు తప్పు సినిమా రాదు.

మనుషుల పేర్లతోనూ చిక్కే. ‘ద గోట్ హార్న్’ తీసింది మెతోది అందోనోవ్. ‘డేంజరస్ చార్మ్’ తీసింది ఇవాన్ అందోనోవ్, ఈయనే ‘డీటూర్’లో కొకానోవా సరసన నటించాడు. హ్రిస్తో హ్రిస్తోవ్ అన్న పేరున్న దర్శకుడు ఒకరు, 2009 నాటి ‘ఈస్టర్న్ ప్లేజ్’ హీరో ఇంకొకరు. ‘ద హేర్ సెన్సస్’ నటుడు ఇత్సాక్ ఫింత్సి తండ్రి, జర్మనీలో పేరున్న సామ్యూల్ ఫింత్సి కొడుకు.

ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా ఒకేలా ఉండవు. బల్గేరియన్‌లో ‘అ’కు దగ్గరగా పలికే ఒక అచ్చుంది. దాన్ని పాత పుస్తకాల్లో ‘యు’ అక్షరంతో, ఇప్పుడు ‘ఎ’ అక్షరంతో రాస్తున్నారు. వలో రదెవ్, వల్చనోవ్ పేర్లను రెండు రకాలుగానూ వెతకండి. గ్రోజెవా, గోషెవా లాంటి ‘వా’ అంత్యం ఆడవాళ్లది, వల్చనోవ్ లాంటి ‘వ్’ అంత్యం మగవాళ్లది. రాసేటప్పుడు కలిపేయొద్దు.

పలకడంలో మనకు ఒక సౌలభ్యం ఉంది. త్సాంకో, త్స్వెతనా పేర్లలో మొదటి శబ్దం మన ‘చలి’, ‘చాప’లో పలికే దంత్య చకారమే. చాలా దేశాలవాళ్లు తడబడే చోట తెలుగువాళ్లు సులువుగా పలుకుతారు.

6. కాపీ, సబ్‌టైటిళ్లు మీరే ముందు చూసుకోండి

మీరు చూడని కాపీని ఎవరికీ పంపొద్దు. ఓటీటీల జాబితాలు నెలనెలా మారుతుంటాయి. చెప్పే రోజునే, వాళ్లుండే దేశంలో దొరుకుతుందో లేదో చూసి చెప్పండి. అమెరికాలో ఉన్న తమ్ముడికి దొరికింది గుంటూరులో ఉన్న మీకు దొరక్కపోవచ్చు, మీకు దొరికింది అతనికి దొరక్కపోవచ్చు.

పరీక్ష ఇలా చేయండి:

- మొదటి పది నిమిషాలు, సరిగ్గా మధ్యలో రెండు నిమిషాలు, చివరి పది నిమిషాలకు ముందు రెండు నిమిషాలు చూడండి.
- సబ్‌టైటిల్ మాటతో కలుస్తోందా?
- పాత సినిమా అయితే ముఖాలు సాగి కనిపిస్తున్నాయా? చదరానికి దగ్గరగా ఉండే పాత ఫ్రేమును టీవీ వెడల్పుకు లాగేసిన కాపీ అయితే వద్దు. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండటమే సరైనది.
- పాటలకు, గోడ మీది రాతలకు, ఉత్తరాలకు కూడా అనువాదం ఉందా?

సబ్‌టైటిల్ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ముందో వెనకో ఉంటే తేలికే. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలతో సర్దేయొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను జారిపోతోందంటే ఫ్రేముల వేగం కలవలేదని అర్థం. వీడియో సెకనుకు 25 ఫ్రేములది, సబ్‌టైటిల్ 23.976 ఫ్రేములదానికి చేసినదైతే గంటన్నర సినిమా చివరికి తేడా మూడున్నర నిమిషాలు దాటుతుంది. అప్పుడు మీటలు నొక్కి లాభం లేదు. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చి మళ్లీ సేవ్ చేయాలి.

భాష నేర్చుకునేవాళ్లు బల్గేరియన్ సబ్‌టైటిళ్లు అడిగితే, పాత ఫైళ్లలో అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపించొచ్చు. ఫైలు విండోస్ 1251 ఎన్‌కోడింగ్‌లో ఉందన్నమాట. యూటీఎఫ్ 8లోకి మార్చితే సరిపోతుంది.

మెషిన్ అనువాదాలతో జాగ్రత్త. ముఖ్యంగా వరుసలు తారుమారవుతాయి. బల్గేరియన్‌లో ‘కాకా’ అంటే అక్క, ‘బాబా’ అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ, ‘బాత్కో’ అన్న, ‘ద్యాదో’ తాత. పెద్దవయసు మగవాళ్లను పేరుకు ముందు ‘బాయ్’ చేర్చి గౌరవంగా పిలుస్తారు. బాబాయిని కాకా అనే తెలంగాణ ఇళ్లలో ఈ మాట వినగానే పొరబడతారు. ముందే చెప్పి ఉంచండి.

7. నేపథ్యం మూడు వాక్యాలు దాటనివ్వొద్దు

చరిత్ర పాఠం మొదలెడితే సినిమా మీద ఆసక్తి చస్తుంది. కింది వాటిలో ఆ సినిమాకు కావాల్సినదే తీసి చెప్పండి.

- 1396 నుంచి 1878 దాకా ఒట్టోమన్ పాలన. ‘ద గోట్ హార్న్’, ‘వ్రేమె రజ్దెల్నో’లకు కావాలి.
- 1944 సెప్టెంబర్ 9న కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు, 1989 నవంబర్ 10న కమ్యూనిస్టు పాలకుడు తోదోర్ జివ్‌కోవ్ దిగిపోయాడు. ‘జిఫ్ట్’, ‘ట్రయంఫ్’లకు కావాలి.
- 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరిక. వయసులో ఉన్నవాళ్లు వలస వెళ్లిపోయి చిన్న ఊళ్లు ముసలివాళ్లతో మిగిలాయి. బ్లాగా కథకు ఇదే నేల.
- డబ్బు: 2026 జనవరి 1న యూరో వచ్చింది, అంతకుముందు సినిమాల్లో అక్కడి పాత కరెన్సీ లెవాలు వినిపిస్తాయి. 1999 తర్వాతి కథల్లో లెవాల మొత్తాన్ని సగం చేస్తే సుమారుగా యూరోలు. ‘ద లెసన్’, ‘గ్లోరీ’, బ్లాగా మూడింటిలోనూ డబ్బే కథను నడిపిస్తుంది కాబట్టి ఈ లెక్క తప్పక చెప్పండి.
- తల ఊపడం: బల్గేరియన్లు అవునంటే తల పక్కలకు ఆడిస్తారు, కాదంటే పైకి ఎత్తుతారు. ‘దా’ అంటే అవును, ‘నే’ అంటే కాదు. ఇది తెలియకపోతే సబ్‌టైటిలే తప్పనుకుంటారు. అవునని తల పక్కలకు ఆడించే మనకు ఇది తొందరగా అలవాటవుతుంది.

రెండు సినిమాల దగ్గర మాత్రం ఇంకాస్త జాగ్రత్త కావాలి. ‘వ్రేమె రజ్దెల్నో’ బలవంతపు మతమార్పిడి గురించిన నవల ఆధారంగా తీసినది. సినిమా తయారైన రోజుల్లోనే అక్కడి ప్రభుత్వం టర్కిష్ పౌరుల పేర్లు బలవంతంగా మార్పిస్తోంది. 1989లో మూడు లక్షల మందికి పైగా దేశం విడిచి టర్కీకి వెళ్లిపోయారు. దాన్ని చరిత్ర పాఠంగా ఇవ్వొద్దు, సినిమాగా ఇవ్వండి, ఈ సంగతి కూడా చెప్పండి. ‘స్టార్స్’ విషయంలో ‘బల్గేరియా తన యూదులను కాపాడుకుంది’ అన్న సగం మాటతో ఆపొద్దు. పాత సరిహద్దుల లోపలి యూదులు బతికారు. కానీ 1943 మార్చిలో బల్గేరియా ఆక్రమణలో ఉన్న థ్రేస్, మాసిడోనియా, పిరోత్‌ల నుంచి 11,343 మందిని మరణ శిబిరాలకు పంపారు. ఆ సినిమాలో కనిపించే గ్రీకు యూదులు అలా వెళ్తున్నవాళ్లే.

8. సిఫారసు రాయడం

ఆరేడు వాక్యాలు చాలు. వాట్సాప్‌లో ఒకరికి పంపేది ఇలా ఉండొచ్చు:

“అన్నా, మొన్న డిజిటల్ అరెస్ట్ గురించి మాట్లాడుకున్నాం కదా. ‘బ్లాగాస్ లెసన్స్’ అని బల్గేరియా సినిమా ఉంది, 2023ది, స్తెఫాన్ కొమందారెవ్ దర్శకుడు. రిటైరైన టీచరమ్మను ఫోన్లో మోసం చేస్తారు, ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందన్నదే కథ. రెండు గంటల లోపే. పాటలుండవు. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని అర్థం, అది గుర్తుపెట్టుకో. దొరికే చోటు కింద పెట్టాను, సబ్‌టైటిళ్లు సరిగ్గానే ఉన్నాయి. ముగింపు గురించి ఎక్కడా చదవకన్నా.”

ఇందులో బహుమతుల ఊసే లేదని గమనించండి. ఆ మనిషికి ముందే పట్టింపు ఉన్న విషయంతో మొదలైంది. బహుమతి పేరు పెట్టాలనుకుంటే చివర్లో ఒక్కటి పెట్టండి.

9. నలుగురినీ పోగేసి చూపించాలంటే

- కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.
- కొత్త సినిమా అయితే నిర్మాణ సంస్థకు లేదా అంతర్జాతీయ అమ్మకాల సంస్థకు, కమ్యూనిస్టు కాలపు సినిమా అయితే సోఫియాలోని జాతీయ ఫిల్మ్ కేంద్రానికి రాసి హక్కులు ఎవరివో అడగండి. న్యూఢిల్లీలోని బల్గేరియా రాయబార కార్యాలయానికి కూడా ఒక ఈమెయిల్ పంపండి.
- లేఖలో తేదీ, హాలు పేరు, సీట్ల సంఖ్య, టికెట్ ఉందో లేదో, ఒక ఆటా రెండా అన్నది స్పష్టంగా ఉండాలి. ఇవి లేని లేఖకు జవాబు రాదు.
- భారత్‌లో బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ లేదా చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇచ్చే మినహాయింపు ఉండాలి. ఫిల్మ్ సొసైటీ ద్వారా వెళ్తే ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారు.
- ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. దాన్ని హాల్లో ప్రొజెక్టర్‌కు తగిలించొద్దు.
- ముందురోజు హాల్లో చివరి వరుసలో కూర్చుని సబ్‌టైటిల్ చదవండి. ముందు వరుసవాళ్ల తలలు అడ్డొస్తే తెర ఎత్తించండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*పది సినిమాల జాబితా పంపడం.* ఒక్కటీ చూడరు. ఒకటి చెప్పండి, అది దొరక్కపోతే ఇంకొకటి. అంతే.

*‘బల్గేరియా వాళ్ల బాహుబలి’ అనడం.* ఆ స్థాయి యుద్ధాలు, గ్రాఫిక్స్ ఆశించి కూర్చుంటారు. పోలిక పెట్టాలంటే సినిమాతో కాదు, విషయంతో పెట్టండి.

*వరుసగా మూడు బరువైన కథలు.* ‘ద లెసన్’, ‘గాడ్‌లెస్’, బ్లాగా ఒకదాని వెంట ఒకటి చూపిస్తే ఆ దేశంలో నవ్వే లేదనుకుంటారు. రెండు బరువైన వాటి మధ్య ‘ద హేర్ సెన్సస్’ గానీ ‘ద డబుల్’ గానీ పెట్టండి.

*హింస సంగతి దాచడం.* అమ్మానాన్నలతో కూర్చున్నాక ‘ద గోట్ హార్న్’ మొదటి సన్నివేశాలు వస్తే ఇబ్బంది మీకే కాదు, సినిమాకూ. ‘వ్రేమె రజ్దెల్నో’లో చిత్రహింసలు, ‘ఈస్టర్న్ ప్లేజ్’లో మత్తుమందులు ఉన్నాయి. ఒక వాక్యం ముందే రాయండి.

*చూశాక ‘ఎలా ఉంది?’ అని అడగడం.* ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది, అది దేనికీ పనికిరాదు. ‘ఎక్కడ విసుగొచ్చింది? ఎవరు గుర్తుండిపోయారు?’ అని అడగండి. నటి గుర్తుందంటే నాలుగో అంచెకు వెళ్లండి. కథ పట్టేసిందంటే అదే దర్శకుడి ఇంకో సినిమా చెప్పండి. మెల్లగా ఉందంటే ‘జిఫ్ట్’ చూపించండి. ఆ ఊళ్లు, ఆ కొండలు ఇంకా చూడాలనుందన్నారంటే, ఒక ఆదివారం ఖాళీ చేసుకోమని చెప్పి, ‘వ్రేమె రజ్దెల్నో’ మొదటి భాగం పెట్టండి.